దించిన బొమ్మ

నా కొడుకు పుట్టినప్పుడు చూడడానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు. "అచ్చం తాతను దించేశాడమ్మా." నిజమే. మా మామగారి ముక్కు, మామగారి చెవులు, మాట మింగాల్సి వచ్చినప్పుడు కింది పెదవిని లోపలికి లాక్కునే ఆ అలవాటుతో సహా దిగాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా ఒళ్ళు పొంగేది.

మా ఇంట్లో దించడమంటే పెద్ద పని మరి. మాది లోహం కరిగించి బొమ్మలు పోసే ఇల్లు. ఉన్న బొమ్మ మీద అచ్చు తీసి, ఆ అచ్చులో లోహం పోసి, తేడా తెలియకుండా ఇంకో బొమ్మ చెయ్యడాన్ని మా షెడ్డులో దించడం అంటారు. లోకానికేమో దించడమంటే పైనున్నదాన్ని కిందికి తేవడం. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మామగారు షెడ్డులోంచి, "అమ్మాయ్, ఆ ఏనుగును ఇవ్వాళ దించాలి, గుర్తుచెయ్యి" అన్నారు. గుర్తుచెయ్యడం దేనికని నేనే స్టూలెక్కి, అలమార మీద ఉన్న ఇత్తడి ఏనుగును మోసుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది. చాలా ఏళ్ళు నన్ను చూస్తే పనివాళ్ళు "ఏనుగును దించిన కోడలు" అనేవాళ్ళు. అంటే ఆ మాటకున్న రెండు అర్థాలూ నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసే మోసపోయాను, అదే నా బాధ.

మా ఊరి నాలుగు రోడ్ల కూడలిలో మిల్లు యజమాని బొమ్మ ఉండేది. కంచు బొమ్మ. కుడిచెయ్యి ముందుకు చాచి, అందులో పెద్ద తాళంచెవి పట్టుకుని నిలబడి ఉంటాడు. బడి కట్టించి దాని తాళంచెవి ఊరికి అప్పజెప్పాడని దాని భావం. కింద రాతి మీద కూడా అదే చెక్కించారు. మిల్లు వెనక వీధుల్లో ఉండే మేము మాత్రం ఆయన్ని తాళాలాయన అనేవాళ్ళం. మాకు తెలిసిన తాళంచెవి వేరు.

ఆయన బతికి ఉండగా, మిల్లులో సమ్మె మాటలు నడుస్తున్న రోజుల్లో, ఆడవాళ్ళు పని మధ్యలో ఆపి బయటికి వెళ్ళకుండా దూది ఏకే షెడ్డుకి బయటినుంచి తాళం వేయించాడు. తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి ఇంటికి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే షెడ్డు అంటుకుంది. అందులో మా అమ్మ ఉంది. మా అక్క కూడా ఉంది, అప్పటికి చిన్నపిల్ల, అమ్మకి సాయంగా వెళ్ళింది. అమ్మ తాగే నీళ్ళకని రోజూ తీసుకెళ్ళే ఇత్తడి బిందెతో కిటికీ చెక్కలు పగలగొట్టి, ఆ సందులోంచి అక్కను బయటికి తోసేసింది. చిన్నపిల్ల పట్టే సందు అది. తరవాత బిందె కూడా బయటికి వచ్చి పడింది. అమ్మ రాలేదు.

నేను చంటిపిల్లని, నాకేమీ తెలియదు. ఇదంతా అక్క చెప్పిందే. అదీ ఒక్కసారిగా కాదు. కూర తరుగుతూ ఒక ముక్క, బట్టలు ఆరేస్తూ ఒక ముక్క. నన్ను పెంచింది అక్కే. పెళ్ళి చేసుకోలేదు. ఆ బిందెకి ఒక పక్క పెద్ద సొట్ట ఉండేది. బాగుచేయిస్తానంటే అక్క ఒప్పుకునేది కాదు.

ఆయన పోయాక బొమ్మ పోసింది మా మామగారే. ఆ ఇంటినుంచి నాకు సంబంధం వచ్చినప్పుడు అక్క ఆయన ఎదురుగా కూర్చుని ఒక్క మాట అడిగింది.

"ఇష్టపడి పోశారా?"

"కూలికి పోశానమ్మా. మీ ఇంటి సంగతి తెలిసే పోశాను. దాచను" అన్నారాయన.

"అయితే సరే" అని అక్క నన్ను ఆ ఇంటికి ఇచ్చి, తనూ నాతో వచ్చి వెనక గదిలో ఉండిపోయింది. కానీ కూడలి మాత్రం దాటేది కాదు. మా ఇంటినుంచి బజారుకి తిన్నగా వెళ్తే కూడలి దాటగానే వచ్చేస్తుంది. అక్క చేపల సందులోంచి బస్సుల డిపో వెనకగా తిరిగి, మురుక్కాలవ మీది పలకలు దాటుకుని వెళ్ళేది. వాన పడినా అంతే, కాళ్ళు నొప్పులు పుట్టినా అంతే. "డిపో వాళ్ళు నీకు యూనిఫారం కుట్టిస్తారే అక్కా" అని నేను ఎగతాళి చేసేదాన్ని. "కుట్టిస్తే ఖాకీ నాకు నప్పుతుంది" అనేది.

అన్నేళ్ళూ కాకులు తప్ప ఎవరూ పట్టించుకోని ఆ బొమ్మకి ఆ ఎండాకాలం ఉన్నట్టుండి చుట్టాలూ శత్రువులూ పుట్టుకొచ్చారు. శత్రువుల్లో మొదటిది మా మనవరాలు చిట్టి. కాలేజీ స్నేహితులతో కలిసి మోచేతుల దాకా ఎర్రరంగు పూసుకుని ఇంటికొచ్చింది.

"ఏంటే ఆ చేతులు?"

"అట్టల మీద రాశాం నానమ్మా. 'ఆ తాళంచెవి దేనిది?' అని. రేపు కూడలిలో పట్టుకుని నిలబడతాం."

"మీ పెద్దనానమ్మకి చెప్పావా?"

"చెప్పా. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి రాయాల్సింది అంది. తనకి కళ్ళు సరిగ్గా ఆనడం లేదట."

ఊరు రెండుగా చీలింది. టీ కొట్టులో రెండు బల్లలుంటే, ఉంచాలనేవాళ్ళు ఒక బల్ల, తియ్యాలనేవాళ్ళు ఒక బల్ల. సెలూన్ అతను ఎవరి గడ్డం గీస్తుంటే వాళ్ళ పక్షం మాట్లాడేవాడు. కత్తి తన చేతిలోనే ఉన్నా భయం మాత్రం తనకే.

ఒకరోజు రిటైరైన హెడ్మాస్టారు మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకుండానే మొదలుపెట్టారు.

"మీ అక్కగారి బాధ నాకు తెలియంది కాదమ్మా. కానీ జరిగినదాన్ని చెరిపేస్తే ఎట్లా? మంచీ చెడూ రెండూ ఉండనివ్వాలి."

"రెండూ ఎక్కడున్నాయి తాతగారూ? రాతి మీద బడి సంగతే ఉంది" అంది చిట్టి.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. గొంతు తగ్గింది. "మా నాన్న బండి లాగేవాడమ్మాయ్. ఆ బడి లేకపోతే నేనూ బండే లాగేవాణ్ణి. రోజూ ఆ బొమ్మ ముందునుంచి పోతూ నేను దండం పెట్టుకుంటాను. దాన్ని తీసేస్తే నేను ఎవరికి పెట్టుకోవాలి?"

చిట్టి ఆయన చేతిలోని గ్లాసు అందుకుంది. నేను చదివిన రెండు తరగతులూ ఆ బళ్ళోనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అక్కడ దిద్దిన అక్షరాలతోనే. ఆయన వెళ్తూ, మామగారి తరవాత షెడ్డు చూసుకుంటున్న నా కొడుకుతో గేటు దగ్గర చాలాసేపు మాట్లాడారు. నేను పట్టించుకోలేదు.

మున్సిపాలిటీ హాల్లో మీటింగు పెట్టినప్పుడు చిట్టి అక్కను తీసుకెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. వాళ్ళూ వీళ్ళూ మైకు లాక్కుని అరుచుకున్నాక అక్కను లేపి నిలబెట్టారు. అక్క మైకును ఒకసారి తడిమి చూసి పక్కకి జరిపింది.

"ఆయన బడి కట్టించాడు, కాదనను. మా చెల్లెలు చదువుకుంది. నేను ఆయన్ని తిట్టడానికి రాలేదు. నాకు బజారుకి తిన్నగా వెళ్ళాలని ఉంది. పోయేలోపు ఒక్కసారి."

అంతే చెప్పి కూర్చుంది. మీటింగు ముగిసేముందు, బొమ్మను దించి గోదాములో పెట్టాలనీ, ఆ దిమ్మ మీద మిల్లు షెడ్డులో పోయిన ఆడవాళ్ళ గుర్తుగా ఏదైనా నిలబెడదామనీ చైర్మన్ చెప్పాడు.

ఆ వారంలోనే నా కొడుకు భోజనం చేస్తూ, కంచంలోకి చూస్తూ అన్నాడు. "బొమ్మ దించే పని నాకిచ్చారమ్మా."

"నీకా?"

"తాత బిగించిన బోల్టులు ఎక్కడున్నాయో ఇంకెవరికి తెలుసు? గోదాముకి పంపేముందు కొన్నాళ్ళు మన షెడ్డులో ఉంటుంది."

"మన షెడ్డులో దేనికిరా?"

"పనుందమ్మా" అని కింది పెదవి లోపలికి లాక్కున్నాడు.

నాకు ఆ పెదవి తెలుసు. కానీ అక్క అప్పటికే వాడి ఎడమచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. "నీ చేత్తోనే దించుతావా నాన్నా?"

"నా చేత్తోనే దించుతాను పెద్దమ్మా."

అక్క ముఖం చూశాక నాకు ఇంక ఏ పెదవీ గుర్తులేదు.

దించిన ఉదయం ఊరంతా అక్కడే ఉంది. క్రేను వచ్చింది. నా కొడుకు దిమ్మ ఎక్కి, తాళాలాయన నడుముకి పట్టీలు చుట్టి, అడుగున బోల్టులు కోశాడు. బొమ్మ ఒక్క కుదుపుతో లేచి గాల్లో మెల్లగా తిరిగింది. చాచిన చెయ్యి ఒక్కొక్కరినీ చూపిస్తున్నట్టు తిరుగుతుంటే జనం తలలు వంచుకున్నారు. టీ కొట్టు అతను, "దింపుతున్నా పెత్తనం పోలేదు" అన్నాడు. నవ్వారు. హెడ్మాస్టారు ఒక్కరే చేతులు జోడించి నిలబడ్డారు. బొమ్మను లారీలో పడుకోబెట్టి టార్పాలిన్ కప్పి తీసుకుపోయారు.

జనం పలచబడ్డాక అక్క చెప్పులు సర్దుకుంది. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దంది. ఎదర రోడ్డు దాటి, ఖాళీ దిమ్మ దాటి, అవతలి రోడ్డు దాటి బజారు మొదట్లోకి వెళ్ళి నిలబడింది. వెనక్కి తిరిగి చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే అక్కా."

"ఇంత దగ్గరటే బజారు?"

ఏమీ కొనకుండానే మళ్ళీ ఇటు దాటింది. మళ్ళీ అటు. సెలూన్ అతను గడ్డం గీయించుకుంటున్నవాణ్ణి వదిలేసి గుమ్మంలోకి వచ్చి చూస్తున్నాడు. చివరికి దిమ్మ మెట్టు మీద కూలబడి, "కాళ్ళు లాగుతున్నాయే, దగ్గర దారిలో కూడా" అని నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు వినలేదు. ఆ రోజునుంచీ అక్కర ఉన్నా లేకపోయినా అక్క కూడలి దాటి వస్తుండేది. ఒకసారి ఒక్క నిమ్మకాయ కోసం వెళ్ళింది. ఇంట్లో నిమ్మకాయలు ఉన్నాయి.

మా షెడ్డులో పని మొదలైంది. చాలాకాలంగా మా కొలిమి సగం రోజులు చల్లగానే ఉండేది. ఇప్పుడు పాత పనివాళ్ళందరినీ నా కొడుకు మళ్ళీ పిలిపించాడు. బొమ్మ ఉన్న మూల చుట్టూ టార్పాలిన్ కట్టించాడు. కోడలూ నేనూ అందరికీ వండి పంపేవాళ్ళం. ఒకరోజు కోడలికి జ్వరమొచ్చి నేనే గిన్నెలు మోసుకెళ్ళాను. ముసలి పనివాడొకడు, నన్ను ఏనుగు కోడలు అన్నవాళ్ళలో మిగిలినవాడు, చేతులు కడుక్కుంటూ అన్నాడు.

"ఇంకెంతమ్మా, ఈ వారంలో దించేస్తాం."

"దించేశారు కదయ్యా, ఊరంతా చూసింది. ఇంకా ఏం దించుతారు?"

అతను నవ్వబోయి నా కొడుకు ముఖం చూసి ఆగిపోయాడు. "అలవాటు మాటలేమ్మా" అన్నాడు. నా కొడుకు గిన్నె మూత తీసి, "ఉప్పు సరిపోయిందా ఇవ్వాళ?" అని అడిగాడు. వాడు తిండి గురించి ఎప్పుడూ అడగడు.

కొన్నాళ్ళకి వాడే ఇంట్లోకి వచ్చి, "అమ్మా, కొత్త బొమ్మకి లోహం కొంచెం చాలలేదు. బయట దొరికేది బాగోదు. పాత ఇత్తడి ఏమైనా ఉందా?" అన్నాడు.

కొత్త బొమ్మ అన్నాడు. నాకు చైర్మన్ మాటే గుర్తొచ్చింది. "ఆడవాళ్ళ గుర్తుగా పెట్టేదేనా?"

"పోశాక చూద్దువుగానీ."

పెదవి చూశానా? చూసే ఉంటాను. నేను ఏదో గంటె వెతుకుతుండగా వెనక గదిలోంచి అక్క బిందె పట్టుకొచ్చింది. చింతపండుతో తోమి తెచ్చింది, ముఖం కనిపించేంతగా మెరుస్తోంది. సొట్ట వాడివైపు తిప్పి ఇచ్చింది.

"దీన్ని వెయ్యి నాన్నా. అందులో మీ అమ్మమ్మ కూడా ఉన్నట్టుంటుంది."

వాడు వెంటనే అందుకోలేదు. "వద్దులే పెద్దమ్మా, ఇది ఉంచుకో" అన్నాడు. ఇప్పటికీ ఆ ఒక్క మాట వాడి మంచి కింద రాసుకుంటాను.

"ఉంచుకుని ఏం చేసుకోను? నా తరవాత ఎవడో తూకానికి వేస్తాడు. తీసుకో."

తీసుకున్నాడు. రెండు చేతులతో, పిల్లను ఎత్తుకున్నట్టు తీసుకుని షెడ్డులోకి వెళ్ళాడు.

వానలు మొదలయ్యేసరికి టార్పాలిన్ తీసేశారు. పాత బొమ్మ గోదాముకి వెళ్ళిందన్నారు. కూడలిలో దిమ్మ ఖాళీగానే ఉంది. కొత్తది ఏదని అడిగితే, "ఆడవాళ్ళది ఇంకా మంజూరు కాలేదమ్మా" అన్నాడు వాడు. మరి పోసిందేమిటని అడిగేలోపు ఎవరో పిలిచారని వెళ్ళిపోయాడు.

అక్క కళ్ళకి పొరలు బాగా ముదిరాయి. మిల్లు యజమాని మనవలు కొత్తగా కంటి ఆసుపత్రి తెరిచారు. మా ఊళ్ళో కళ్ళు కోసే డాక్టరు అక్కడ తప్ప లేడు. ముందు నేను ఒక్కదాన్నే వెళ్ళి చీటీ తెద్దామనుకున్నాను. గేటు దాటగానే ఆగిపోయాను.

ఆవరణ మధ్యలో, కొత్త పాలరాతి దిమ్మ మీద, తాళాలాయన.

"పాతదాన్ని ఇక్కడికి తెచ్చారా?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"పాతది గోదాములో ఉందమ్మా. ఇది కొత్తది. ఆ పోతపని ఆయన పాతదాని మీంచి దించాడు. హెడ్మాస్టారే దగ్గరుండి మాట్లాడి పెట్టారట. చూడండి, ఇసుమంత తేడా ఉందేమో."

దించాడు. నేను ఆ మాట పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. తేడా ఒకటి ఉంది. ఒళ్ళంతా కంచు రంగు. చాచిన కుడిచెయ్యి మాత్రం తోమిన ఇత్తడిలా పచ్చగా ఉంది.

ఇంటికొచ్చేసరికి నా కొడుకు గుమ్మంలో కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాడు. నా ముఖం చూసి చెప్పులు వదిలేశాడు.

"నేను అబద్ధం ఆడలేదమ్మా. దించుతానన్నాను. దించాను."

"బిందె ఎక్కడ పోశావు?"

"కరిగాక అంతా ఒకటేనమ్మా."

"ఎక్కడ?"

"చెయ్యి విడిగా పోస్తాం. దానికే చాలలేదు."

"తాళంచెవి ఉన్న చెయ్యా?"

వాడు చెప్పుల్ని కాలితో పక్కకి తోశాడు. తరవాత ఒక్కసారిగా అన్నాడు. "షెడ్డు మూసుకుంటే తినేదేంటి? వాళ్ళు తప్ప నాకు పనిచ్చేవాళ్ళు ఎవరున్నారు? తాత పోశాడుగా ఇదే బొమ్మ. తాతనెవరూ ఏమీ అనలేదే."

"తాత చెప్పి పోశాడురా."

లోపల చిట్టి విన్నట్టుంది. మంచం మీద కూర్చుని, గోళ్ళ మూలల్లో మిగిలిన ఎర్రరంగు గీక్కుంటూ ఏడుస్తోంది. ఏడుపాపి వాళ్ళ నాన్నను నాలుగు మాటలు అంటుందని చూశాను. అనలేదు. మేమెవరమూ అక్కకి చెప్పలేదు. చెప్పడానికి ఏ మాట వాడాలో ఎవరికీ తెలియలేదు.

కానీ కళ్ళు చూపించాలి కదా. డాక్టరు రమ్మన్న రోజు వచ్చింది. అక్క ఇస్త్రీ చీర కట్టుకుంది. కూడలి మీదుగానే వెళ్దామంది. దారిలో దిమ్మను చేత్తో తట్టి, "ఇంకా పెట్టలేదేమే మనవాళ్ళది? బిందె ఇచ్చి ఎన్నాళ్ళయింది" అంది. నేను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. ఆసుపత్రి గేటు దగ్గర, అక్కకి అటువైపు కనిపించకుండా నేను ఆ పక్కన నడవబోయాను. నేను పొట్టిదాన్ని.

అక్క ఆగింది. పొరలు కమ్మిన కళ్ళతో మనిషి ఆకారాన్ని పోల్చుకోలేకపోయింది. కళ్ళు చిట్లించి చూసింది.

"ఏంటే అక్కడ అంత పచ్చగా? గాల్లో వేలాడుతున్నట్టుంది."

నేను ఆమెను పక్కకి తిప్పబోయాను.

"మన బిందె రంగే" అంది ఇంకో రెండు అడుగులు వేసి. ఇంకో రెండు వేసింది. పచ్చగా ఉన్నదాని వెనక భుజమూ, భుజం పైన తలా ఆమెకి ఎప్పుడు ఆనాయో నాకు తెలిసింది. నా మోచెయ్యి పట్టుకున్న వేళ్ళు బిగిశాయి. చాలాసేపు ఆ చెయ్యి వైపే చూసింది. బిందె గురించి అడగలేదు. చివరికి నావైపు తిరిగి, మెల్లగా, చిన్నప్పుడు నన్ను పాఠం అప్పజెప్పమన్నట్టు అంది.

"దించారన్నావుగా?"

"దించారక్కా" అన్నాను.

అక్క తల ఊపింది. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, గేటు వైపు వెనక్కి తిరిగింది.

"వెనకనుంచి దారి ఉందేమో అడుగు" అంది.